రిజిస్టరులో లేని మనిషి భోజనం

ఆ వ్యవహారంలో పోయినవి ముందుగా రాస్తాను.

పాడిగేదె ఒకటి, దాని కింద పెయ్యదూడ ఒకటి. నాగాయలంక వైపు కాలవ చివర ఎకరం పది సెంట్ల చేనులో ఒక ఏటి పంట. నారు సిద్ధంగా ఉండి కూడా నాటే చేతులు లేక ఆ ఏడు అందులో సగానికి పైగా బీడు పడింది. బంగారు ముక్కుపుడక ఒకటి, చెవుల దుద్దులు ఒక జత. వాటి బదులు, ఇవన్నీ పోగొట్టుకున్న ఇంటి చిన్నకోడలు చిలకలపూడి గిల్టువి కొనుక్కుని పెట్టుకుంటే నెల తిరక్కుండా చెవులు పుళ్ళు పడ్డాయి. వకీలుకి నూట నలభై రూపాయలు, ఆయన గుమస్తాకి పన్నెండు. దివిసీమ నుంచి బందరుకి, బందరు నుంచి మా ఊరికి ఆ అమ్మాయి ఒక్కతే చేసిన బస్సు ప్రయాణాలు పదకొండు. నా వైపు నుంచి పోయినవి రెండే: ఇరవై తొమ్మిది రూపాయల పధ్నాలుగు కొత్త పైసలు, తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో ఉన్న కాంట్రాక్టు.

ఇదంతా ఒక మనిషి సబ్‌జైల్లో అన్నం తిన్నందువల్ల వచ్చింది. అప్పటికి అతనికి శిక్ష పడలేదు. కేసు ఇంకా విచారణకే రాలేదు. దానికోసం ఎదురుచూస్తూ లోపల ఉన్నవాడు.

మా ఊరి పేరు రాయను. గుడివాడకీ బందరుకీ మధ్య అని చెబితే చాలు. ఆనాడు ఆ సబ్‌జైల్లో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు.

మా ఆయన గుడివాడలో బియ్యం మిల్లులో కాటా దగ్గర ఉండేవారు. నేను అదే మిల్లులో నూకలు చెరిగేదాన్ని. బడికి వెళ్ళలేదు; సంతకం తప్ప అక్షరాలు చాలా తర్వాత నేర్చుకున్నాను. బస్తాలు దింపేటప్పుడు కాటా మనిషి గొంతెత్తి లెక్క చెబుతుంటే విని అంకెలు నేర్చుకున్నాను. మొదటి బస్తాకి ఒకటి అనకూడదు, శుభం కోసం లాభం అనాలి. ఆ తర్వాత రెండు, మూడు. మా ఆయన చీటీల వెనక కూడికలు చేసి పడేస్తే వాటిని ఏరి మళ్ళీ చేసేదాన్ని. ఒకసారి ఆయన చేసిన మొత్తంలో తొమ్మిది బస్తాలు తేడా పట్టుకున్నాను. ఆ రోజు నుంచి లెక్కలు నాకే అప్పజెప్పారు. తర్వాత ఆయన మిల్లు మానేసి మా ఊరి సబ్‌జైలుకి భోజనాలు పంపే కాంట్రాక్టు తీసుకున్నారు. నాలుగేళ్ళు చేసి పోయారు. మిగిలిన ఐదేళ్ళు నేను చేశాను.

పని ఇలా ఉండేది. పొద్దున్న ఏడింటికి వార్డరు లోపల మనుషుల్ని లెక్కపెట్టి, ఆ సంఖ్య ఒక చీటీ మీద వేసి, సంతకం పెట్టి ఇచ్చేవాడు. ఆ సంఖ్య చొప్పున గంజి, రెండు పూటలా భోజనం. చీటీలన్నీ నా పుస్తకంలో ఎక్కించి, నెలాఖరున కూడి, బిల్లు రాసి, సబ్‌జైలు మీద అజమాయిషీ ఉన్న ఆఫీసరు గారి కచేరీలో ఇవ్వాలి. అక్కడ గుమస్తా జైలు రిజిస్టరుతో సరిచూస్తే బిల్లు బందరు ఖజానాకి వెళ్ళేది. మనిషికి రోజుకి పది అణాలు. నేను చెప్పే ఏడాదే కొత్త పైసలు వచ్చాయి. పది అణాలంటే అరవై రెండున్నర పైసలు కావాలి; ప్రభుత్వం పట్టీలో అరవై రెండే వేశారు. మనిషికి రోజుకి అర పైసా నష్టం. అది అడిగితే గుమస్తా నవ్వాడు.

జైలుని చూసుకునేవాళ్ళు లేరని కాదు. ఆఫీసరు గారు వారానికోసారి వచ్చి మనుషుల్ని లెక్కచూడాలని నియమం ఉంది. ఆయన బల్ల దగ్గరికే రిజిస్టరు తెప్పించుకుని సంతకం పెట్టేవారు. మూడు నెలలకోసారి ప్రభుత్వం నియమించిన ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చేవారు. ఆయన రాకముందు రోజే నాకు కబురు వచ్చేది, పప్పులో కాస్త నెయ్యి పడాలని. వచ్చి, గరిటెతో పప్పు రుచి చూసి, పుస్తకంలో వంట బాగుంది, ఆవరణ శుభ్రంగా ఉంది అని రాసి వెళ్ళేవారు. ఐదేళ్ళలో ఇరవై సార్లు రాశారు. లోపల ఉన్న మనుషుల్నీ వాళ్ళని ఉంచమన్న కాగితాలనీ పక్కపక్కన పెట్టి చూడటం నేను ఒక్కసారి కూడా ఎరగను.

ఆ ఏడు శ్రావణంలో దివిసీమ నుంచి ఐదుగురిని తెచ్చారు. అక్కడి జైల్లో చోటు లేదట. కాలవ చివరి చేలకి నీళ్ళు రాక, పైవాళ్ళు మూసిన తూము ఎత్తబోతే కొట్లాట అయింది, ఒకాయన చెయ్యి విరిగింది. ఐదుగురిలో ఇద్దరు ఒకే ఇంటివాళ్ళు, అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు. మన వైపు ఇది కొత్త కాదు; ఒక్కో ఇంట్లో ముగ్గురికి కూడా ఉంటుంది. ఇంట్లో పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకుంటారు, నేనూ అలాగే రాస్తాను. చిన్నోడు నెలల పిల్లవాడుగా ఉండగానే అతని తండ్రి పోయాడు. పెద్దోడి తండ్రే ఇద్దర్నీ పెంచాడు.

చెయ్యి విరగ్గొట్టింది పెద్దోడని అందరికీ తెలుసు. చిన్నోడు అక్కడ ఉన్నాడంతే. అందుకని వకీలు ముందు చిన్నోడికి బెయిలు అడిగారు. జామీనుకి ఆ పెంచిన ముసలాయనే బందరు వెళ్ళి నిలబడ్డాడు. వకీలు గుమస్తా కాగితం రాస్తూ, ఈ ముద్దాయి నీకు ఏమవుతాడు అని అడిగాడు. కొడుకు అన్నాడు ముసలాయన. ఇరవై నాలుగేళ్ళు పెంచినవాణ్ణి తమ్ముడి కొడుకు అని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. గుమస్తా తండ్రి పేరు దగ్గర ఆయన పేరే రాసేశాడు.

చిన్నోడు లోపలికొచ్చిన ఇరవై మూడు రోజులకి ఆ ఉత్తరువు మా ఊరు చేరింది. అందులో ముద్దాయి సంఖ్య చిన్నోడిది, తండ్రి పేరు పెద్దోడి తండ్రిది. వార్డరు పేరు పిలిస్తే ఇద్దరూ లేచారు. తండ్రి పేరు చదివి పెద్దోణ్ణి వదిలాడు. కచేరీలో గుమస్తా సంఖ్య చూసి రిజిస్టరులో చిన్నోడి పేరు కొట్టేశాడు. ఆ రోజుకి ఎవరికీ తేడా తెలియలేదు. ఒకడు వెళ్ళాడు, ఒక పేరు పోయింది. పదిహేను రోజులకి రిమాండు పొడిగించడానికి కోర్టుకి కాగితాలు వెళ్ళాయి. దూరం కాబట్టి మనుషుల్ని తీసుకెళ్ళడం మానేసి కాగితాలే పంపేవారు. పెద్దోడు బెయిలు మీద ఇంటి దగ్గరే ఉన్నాడని అక్కడి పోలీసులు చెప్పారు. తండ్రి పేరు సరిపోయింది కాబట్టి కోర్టు సరే అని రాసుకుని, అతని పేరు లేకుండా కాగితం తిప్పి పంపింది. గుమస్తా ఆ పేరూ కొట్టేశాడు.

రెండు పేర్లలో రెండూ పోయాయి. మనిషి ఒకడు మిగిలాడు.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. వార్డరు పొద్దున్నే మనుషుల్ని లెక్కపెట్టి చీటీ ఇస్తున్నాడు, నేను వండి పంపుతున్నాను.

బెయిలు వచ్చిన నెలకి ఆ అమ్మాయి వచ్చింది, చిన్నోడి భార్య. చంకలో పెరుగు ముంత. జైలు గేటు దగ్గర అడిగితే అలాంటి మనిషి లేడు, విడుదలై నెలయింది అని పొమ్మన్నారట. జైలు ఎదురుగా నా వంటపాక కనిపించి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"లోపల లేడంటున్నారక్కా. ఇంటికీ రాలేదు. మరెక్కడున్నాడు?"

ఎలా ఉంటాడమ్మా అని అడిగాను. ఎడం కనుబొమ మీద కొడవలి గాటు ఉంటుందంది. ఆ గాటు నేను రోజూ చూస్తున్నాను. అన్నం గుండిగ దింపేటప్పుడు గేటు అవతల నుంచి మొదట చెయ్యి వేసేవాడు అతనే.

ఆ మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళినప్పుడు ఊచల్లోంచి అడిగాను, నీకు బెయిలు వచ్చిందని నీకు తెలుసా అని. తెలుసన్నాడు. ఆ రోజే వార్డరుతో అది తనది అయి ఉంటుందని చెప్పాడట. తండ్రి పేరు కలవలేదు పొమ్మన్నారట.

"పోన్లే అక్కా, అన్న వెళ్ళాడుగా. వదిన పురిటికుంది. నా కాయితం రేపో ఎల్లుండో వస్తది."

"నెలయింది అబ్బాయ్."

"నెలయిందా?" అని వేళ్ళ మీద చూసుకున్నాడు. లోపల రోజులు ఎవరూ లెక్కపెట్టడం లేదు.

ఇంటికొచ్చి చీటీల కట్ట విప్పాను. అలవాటు కొద్దీ మొదటి చీటీ చేతిలోకి తీసుకుని లాభం అనబోయి ఆగిపోయాను. ఒకటి అనే మొదలుపెట్టాను.

మరి ఇంట్లోవాళ్ళు నెల్లాళ్ళు ఏం చేశారని ఎవరైనా అడుగుతారు. నేనూ ఆ అమ్మాయిని కోపంగానే అడిగాను. పెద్దోడు ఇంటికి రాగానే తప్పు జరిగిందని ముసలాయనకి తెలిసిపోయింది. రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు వకీలు దగ్గరికి వెళితే, సరిచెయ్యాలంటే అర్జీ పెట్టాలి, పెడితే పెద్దోణ్ణి వెనక్కి తీసుకుపోతారు, తప్పు ప్రమాణం చేసినందుకు నీ మీదా కేసు వస్తుంది, ఆలోచించుకో అన్నారు. ఇంటికొచ్చినవాణ్ణి, నిండు నెలల భార్య ఎదురుగా, మళ్ళీ జైలుకి పొమ్మని ఏ నోటితో అంటాడు? పెద్దోడు తనంతట తాను వెళ్తానని ఒక్కసారి అన్నాడట, వాళ్ళమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఊళ్ళో మాత్రం, ముసలాయన సొంత కొడుకుని విడిపించుకుని తమ్ముడి కొడుకుని లోపల వదిలేశాడని చెప్పుకున్నారు. తర్వాత ఆయన ఒకసారి నా దగ్గరికి వచ్చినప్పుడు తలవంచుకుని అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

"కొడుకు కాక మరేమిటమ్మా వాడు నాకు?"

నేను వార్డరుకి చెప్పాను. మంచివాడే, ఏడుగురు పిల్లలు. పై అధికారులకి చెబితే తన ఉద్యోగం పోతుందన్నాడు. వారం గడువియ్యమ్మా, గుమస్తాతో మాట్లాడి ఏదో ఒక కాగితం పుట్టిస్తాను అన్నాడు. వారం ఇచ్చాను. అది తప్పు. ఆ ఏడు రోజులూ నేను పొద్దున్న చీటీ కోసం చెయ్యి చాపినప్పుడల్లా సంఖ్య ఒకటి తగ్గుతుందేమోనని చూశాను. తగ్గితే అతను వెళ్ళినట్టా, లేకపోతే వార్డరు భయపడి లెక్కలోంచి తీసేసినట్టా అని ఇంకో భయం. లెక్కలోంచి తీసేస్తే అన్నం కూడా ఉండదు. అందుకని చీటీ ఎంత చెప్పినా గుండిగలో ఒక మనిషికి సరిపడా ఎక్కువే వేశాను.

వారం తిరిగేసరికి కాగితం వచ్చింది, అతనికి కాదు, నాకు. సెప్టెంబరు బిల్లు మీద అభ్యంతరం. ఆఖరి ఆరు రోజుల్లో రిజిస్టరు కన్నా రోజుకి ఒక మనిషి చొప్పున ఎక్కువ చూపారు, మూడు రూపాయల డెబ్బై రెండు పైసలు ఎందుకు కొట్టివెయ్యకూడదో సంజాయిషీ ఇవ్వాలి, అని.

చదివించుకున్నాక నాకు మొదట కోపం రాలేదు, ఆశ వచ్చింది. మొగుడి కోసం ఆ అమ్మాయి కచేరీలో పెట్టిన అర్జీలు రెండు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. డబ్బు మీద వచ్చిన కాగితానికి మాత్రం సంఖ్య వేశారు, జవాబుకి గడువు పెట్టారు, జవాబు చేరిందని చేవ్రాలు చేస్తారు. కాబట్టి మనిషి సంగతి డబ్బు కాగితం మీద ఎక్కిద్దామనుకున్నాను. మా వీధి పంతులు గారి చేత రాయించాను: ఆ అన్నం తిన్న మనిషి లోపలే ఉన్నాడు, ఎడమ కనుబొమ మీద గాటు ఉంది, ఎవరైనా వచ్చి మనుషుల్ని లెక్కపెట్టుకోవచ్చు, వార్డరు గారి చీటీలు నా దగ్గర ఉన్నాయి. పంతులు గారు మధ్యలో కలం ఆపి, ఇది పంపితే కాంట్రాక్టు ఉండదేమో చూసుకోండి అన్నారు. పంపాను.

రెండు వారాలు జవాబు లేదు. ఆ రెండు వారాల్లో వానలు పట్టుకున్నాయి. తుపాను వస్తుందని రోజూ ఎవరో ఒకరు అనేవారు. అమ్మాయి నాలుగుసార్లు వచ్చింది. ఒకసారి బస్సు పులిగడ్డ దగ్గర ఆగిపోతే అక్కడే రాత్రంతా ఉండి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నన్ను ఒకటే అడిగేది, ఎన్నాళ్ళక్కా ఇంకా అని. నేను అయిన రోజులు చెప్పగలను గాని కావలసిన రోజులు చెప్పలేను. అక్టోబరు బిల్లులో ముప్పై ఒక్క రోజులకీ ముప్పై ఒకటి ఎక్కువ వేసి ఇచ్చాను. గుమస్తా ఆ బిల్లు చేత్తో ముట్టుకోకుండా బల్ల మీద పెట్టమన్నాడు.

నవంబరు మొదట్లో గుండిగ దగ్గరికి ఆ చెయ్యి రాలేదు. జ్వరం అన్నారు. మర్నాడూ గంజి వెనక్కి వచ్చింది, ఆ మర్నాడూ. వార్డరు గొంతు తగ్గించి చెప్పాడు, ఒళ్ళు కాలిపోతోంది, మాటలు తేడాగా వస్తున్నాయి అని. పెద్దాసుపత్రికి పంపరేమని అడిగాను.

"ఏ పేరు మీద పంపమంటావమ్మా? ఆసుపత్రి పుస్తకంలో ఖైదీ సంఖ్య రాయాలి. వాడికి సంఖ్యేదీ?"

ఐదు రోజులు కషాయం కాచి పంపాను. నాకు తెలిసిన వైద్యం అంతే. ఏ పూటకాపూట గిన్నె తూచి చూసేదాన్ని, ఎంత తాగాడో. ఐదో రోజు గిన్నె వెళ్ళినంత బరువుతోనే తిరిగొచ్చింది. ఆరో రోజు పొద్దున్నే ఆఫీసరు గారు రమ్మన్నారని కబురు.

ఆయన బల్ల మీద నా సంజాయిషీ, రెండు బిల్లులూ ఉన్నాయి. నన్ను కూర్చోమన్నారు. అరవలేదు. అరుస్తారనే సిద్ధపడి వెళ్ళాను కాబట్టి, అరవకపోతే ఇంకా భయమేసింది.

"అమ్మా, నీ లెక్క సరైనదైతే నా జైలు రిజిస్టరు అబద్ధం. అప్పుడు నేను బందరు రాయాలి. వాళ్ళు విచారణ వేస్తారు. వార్డర్ని పక్కన పెడతాను. అది తేలేదాకా ఆ మనిషిని కదపడానికి నాకు అధికారం లేదు, ఎందుకంటే వాడే సాక్ష్యం. నెల పట్టొచ్చు."

"నెల ఉండడండీ ఆ మనిషి."

"నాకూ తెలుసు. రాత్రి చూసొచ్చాను." నా సంజాయిషీ మీద చెయ్యి పెట్టారు. "నీ లెక్క తప్పైతే లోపల అలాంటి మనిషే లేడు. లేని మనిషి సాయంత్రం గేటులోంచి వెళ్ళిపోతే రాయాల్సింది ఏమీ ఉండదు."

రాసిన కాగితం సిద్ధంగా ఉంది. చదివి వినిపించారు. సెప్టెంబరు ఇరవై అయిదు నుంచి నేటి వరకు రోజుకొక మనిషి చొప్పున పొరపాటున ఎక్కువ లెక్క వేశాను, ఆ సొమ్ము నాకు రావలసింది కాదు, చీటీలు వాపసు చేస్తున్నాను.

నేను ఆ కుర్చీలోనే లెక్క వేశాను. సెప్టెంబరు ఆరు, అక్టోబరు ముప్పై ఒకటి, నవంబరు పది. నలభై ఏడు. అరవై రెండు పైసల చొప్పున ఇరవై తొమ్మిది పధ్నాలుగు. ఒక మనిషి ప్రాణానికి అది ఎక్కువ కాదనిపించింది. నా లెక్క తప్పని నా చేత్తో సంతకం పెట్టడం కష్టంగానే ఉంది, కాని అదీ పెట్టగలిగిన ఖర్చే. అంతకన్నా ఆ కాగితం ఖరీదు ఏమైనా ఉందా అని రెండోసారి ఆలోచించలేదు. సంతకం పెట్టాను. నలభై ఏడు చీటీలూ ఇంటినుంచి తెచ్చి, వాళ్ళ ముందే లెక్కపెట్టి ఇచ్చాను.

సాయంత్రం నాలుగింటికి గేటు తీశారు. ఇద్దరు పట్టుకుంటే గాని నిలబడలేకపోయాడు. అమ్మాయి ఆ రోజు ఊళ్ళోనే ఉంది. ఒంటెద్దు బండిలో గడ్డి పరిచి బస్సు దాకా, అక్కడి నుంచి బందరు ఆసుపత్రికి. పేరు అడిగితే సొంత పేరు, సొంత తండ్రి పేరు చెప్పారు. పద్దెనిమిది రోజులు ఉండి, లేచి తిరిగాడు. ఆ కబురు వచ్చిన రోజు నేను వంటపాకలో కూర్చుని చాలాసేపు ఏ పనీ చేయలేదు. అంతా తీరిపోయిందనుకున్నాను.

కేసు మాఘమాసంలో విచారణకి వచ్చింది. ఐదుగురి మీదా నేరం రుజువయ్యేలా ఉందని వకీలుకి అర్థమైంది. శిక్ష వేసేటప్పుడు అప్పటికే లోపల గడిపిన రోజులు చూసి తగ్గించడం ఆ రోజుల్లో మేజిస్ట్రేటు గారి దయ. అడిగితే కొందరు తగ్గించేవారు. వకీలు నాకు కబురు చేశారు, చిన్నోడు లోపల ఉన్న రోజులకి ఎక్కడా కాగితం లేదు, మీ పుస్తకం ఒక్కటే ఉంది, వచ్చి చెప్పండి అని.

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆ రోజు కుర్చీలో కూర్చుని నేను ఏమి రాసిచ్చానో. నేను వదులుకున్నది నా డబ్బని అనుకున్నాను. ఆ రోజులు అతనివి.

వెళ్ళాను. బోనెక్కాను. పుస్తకం చూసి, అతను బెయిలు వచ్చాక కూడా అరవై రెండు రోజులు లోపల ఉన్నాడని చెప్పాను: అన్న పేరు మీద పదిహేను, ఏ పేరూ లేకుండా నలభై ఏడు. ప్రభుత్వం తరపు వకీలు లేచి ఒక కాగితం నా ముందు పెట్టారు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"లెక్క తప్పు వేశానని రాశారు. అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

అప్పటిది అబద్ధం అంటే ఆఫీసరు గారినీ వార్డరునీ పేర్లు పెట్టి చెప్పాలి. వార్డరు ఆ రోజు కోర్టు వరండాలో నిలబడి ఉన్నాడు, నాకు కనిపిస్తున్నాడు. ఆ సాయంత్రం వాళ్ళు గేటు తియ్యకపోతే ముద్దాయిల బోనులో ఉన్న ఈ కుర్రాడు బతికి ఉండడు. ఇప్పటిది అబద్ధం అంటే రోజులు పోతాయి.

"సంతకం నాదేనండి. లెక్క కూడా నాదేనండి. నలభై ఏడు రోజులూ అతనికి అన్నం పంపానండి."

మేజిస్ట్రేటు గారు మొదటి మాట వరకు రాసుకున్నారు. వెనక నుంచి ఎవరో నవ్వారు.

అందరికీ ఒకటే శిక్ష వేశారు, తొంభై రోజులు. లోపల గడిపిన రోజులు తగ్గించడానికి దయతో ఒప్పుకున్నారు, రిజిస్టరు ప్రకారం. రిజిస్టరు ప్రకారం చిన్నోడు ఉన్నది ఇరవై మూడు రోజులు, కాబట్టి ఇంకా అరవై ఏడు ఉండాలి. పెద్దోడి పేరు మీద పదిహేను రోజులు అదనంగా నడిచాయి గదా, అతనికి ముప్పై ఎనిమిది పోయి యాభై రెండు మిగిలాయి. చెయ్యి విరగ్గొట్టినవాడు పదిహేను రోజుల ముందు ఇంటికి వచ్చాడు. నిజమైన లెక్క వేస్తే చిన్నోడు అప్పటికే ఎనభై అయిదు గడిపాడు. ఉండాల్సింది ఐదు.

తీర్పు చదివినప్పుడు పెద్దోడు లేచి ఏదో చెప్పబోయాడు. వకీలు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. చిన్నోడు నా వైపు చూశాడు. అతను నన్ను తప్పుపట్టినట్టు చూడలేదు, అది బాగా గుర్తు. ఎన్ని అన్నట్టు చూశాడు. నేను వేళ్ళతో ఆరు, తర్వాత ఏడు చూపించాను.

కొత్త ఏడాదికి కాంట్రాక్టు ఇంకొకరికి ఇచ్చారు. కారణం రాయలేదు. నేను గుడివాడ తిరిగి వెళ్ళి మిల్లులోనే కాటా పుస్తకం రాసే పనిలో చేరాను. ఆ మిల్లులో ఆడమనిషి పుస్తకం రాయడం అదే మొదలు. లెక్క తప్పు వేశానని రాసిచ్చిన మనిషినని వాళ్ళకి తెలియదు.

చిన్నోడు శిక్ష పూర్తయి వచ్చాక ఒకసారి గుడివాడ వచ్చాడు, అమ్మాయితో. చెవులకి ఇంకా ఆ గిల్టు దుద్దులే. ఇంట్లో ఇద్దరూ అన్నదమ్ములుగానే ఉన్నారన్నాడు. కాని అన్న ఆ పదిహేను రోజుల మాట వస్తే లేచి వెళ్ళిపోతాడట. నీ చేనులో పదిహేను రోజులు వరసగా పనిచేసి తీరుస్తాను అన్నాడట పెద్దోడు, తమ్ముడు వద్దన్నాడు. మరి మిగిలిన నలభై ఏడూ ఎవరి దగ్గర అడగను అక్కా అన్నాడు, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు.

అప్పటి నుంచి ఏడాదికో అర్జీ పెడుతున్నాను, బందరుకి ఐదు, హైదరాబాదుకి ఆరు. నేను రాసిచ్చిన కాగితం అబద్ధమని, దానికి ఏ శిక్ష వేసినా సరేనని, రిజిస్టరు సరిచెయ్యమని. ఆ ఆఫీసరు గారు కాలం చేశారు. వార్డరు పింఛను మీద ఉన్నాడు. కాబట్టి ఇప్పుడు పేర్లు అడిగితే చెబుతానని కూడా రాశాను. రెండింటికి జవాబు వచ్చింది. మొదటిదానిలో, మీకు రావలసిన సొమ్ము ఇరవై తొమ్మిది రూపాయల పధ్నాలుగు పైసలు మీరే వదులుకున్నందున చెల్లించడం కుదరదు అని ఉంది. నేను సొమ్ము అడగలేదని తిరిగి రాశాను. రెండోదానిలో, మీరు కోరుతున్న మొత్తం ఎంతో స్పష్టంగా తెలపవలెను అని ఉంది.

తెలిపాను. అరవై రెండు రోజులు.